క్యూట్ లిస్ట్‌లో వరుసలు నలుగుతున్నాయా, ఒత్తులు తెగుతున్నాయా?

ఒక గ్రంథాలయం కోసం పుస్తకాల జాబితా చూపించే చిన్న అప్లికేషన్‌ని క్యూట్‌తో (Qt, కిటికీలు, బటన్లు, లిస్ట్‌లు తయారుచేసే ప్రోగ్రామింగ్ పనిముట్ల పెట్టె) రాశాను. ఒక్కో వరుసలో ఎడమవైపు ముఖచిత్రం, పక్కన పుస్తకం పేరు, దాని కింద రచయిత పేరు, కుడి చివర పుస్తకం ఉందో బయటికెళ్లిందో చెప్పే గుర్తు. నా లినక్స్ ల్యాప్‌టాప్‌లో చక్కగా కనిపించింది. గ్రంథాలయంలోని విండోస్ కంప్యూటర్‌లో తెరిస్తే "రాష్ట్రం"లో ట ఒత్తు సగానికి తెగింది, "లక్ష్మి"లో మ ఒత్తు దాదాపు మాయమైంది. ఇంగ్లీషులో అడుగున రెండు పిక్సెళ్లు పోయినా చదవొచ్చు. తెలుగులో ఒత్తు పోతే మాటే పోతుంది. అందుకే దీని వెనకాల పడ్డాను. ఆ క్రమంలో క్యూట్ లిస్ట్‌లలో ఎత్తు ఎన్ని రకాలుగా తప్పుతుందో తెలిసింది. ఆ తప్పులూ వాటి మందులూ ఇక్కడ రాస్తున్నాను. సీ ప్లస్ ప్లస్‌లో రాసినా, పైథాన్‌లో పైక్యూట్ లేదా పైసైడ్‌తో రాసినా పేర్లు ఇవే.

ముందు ఒక్క సంగతి. లిస్ట్ వ్యూ వరుస ఎత్తు తేల్చేటప్పుడు అందులో మీరు పెట్టిన విడ్జెట్ (లేబుల్, బటన్ లాంటి తెర మీది భాగం) వైపు చూడదు. ఎంత చోటు కావాలని డెలిగేట్‌ని, అంటే ఒక్కో వరుసని కొలిచి గీసే భాగాన్ని, అడుగుతుంది. డెలిగేట్ ముందుగా ఆ ఐటమ్‌కి (అంటే ఆ వరుసకి) సైజ్‌హింట్‌రోల్ అనే పేరు కింద ఏదైనా విలువ దాచారా అని చూస్తుంది. ఉంటే అదే జవాబు, ఇక వేరే లెక్క లేదు. లేకపోతే ఐటమ్‌లోని టెక్స్ట్, ఐకాన్, ఫాంట్ చూసి స్టైల్‌తో లెక్క కట్టిస్తుంది. కింద వచ్చే ప్రతి సమస్యలోనూ నేను వెతికింది ఒక్కటే: ఆ జవాబు ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు?

వెతకడం మొదలుపెట్టే ముందు రెండు అంకెలు ప్రింట్ చేసుకోండి. ఒకటి మీ విడ్జెట్ సైజ్‌హింట్, అంటే తనకి ఇంత కావాలని అది చెప్పే సైజు. రెండోది లిస్ట్ ఆ ఐటమ్‌కి నిజంగా ఇచ్చిన చోటు, అంటే విజువల్‌ఐటమ్‌రెక్ట్ ఎత్తు. సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి.

వరుసలన్నీ సన్నగా, విడ్జెట్ నలిగిపోయి కనిపిస్తోంది

సెట్‌ఐటమ్‌విడ్జెట్‌తో విడ్జెట్ పెట్టారు, కానీ ఐటమ్‌కి సైజు చెప్పలేదు. ఐటమ్‌లో టెక్స్ట్ ఏమీ లేదు కాబట్టి డెలిగేట్ ఒక్క లైనుకి సరిపడా, లేదా అంతకన్నా తక్కువ చోటు అడిగింది. మీ మూడు లైన్ల విడ్జెట్ అందులోనే ఇరుక్కుంది.

ఐటమ్ మీద సెట్‌సైజ్‌హింట్ పిలిచి, విడ్జెట్ సైజ్‌హింట్ ఇవ్వండి. క్రమం ముఖ్యం: ముందు లేఅవుట్ (లోపలి భాగాలను పేర్చే అమరిక) పెట్టాలి, లేబుళ్లలో అసలు టెక్స్ట్ నింపాలి, ఆ తర్వాతే సైజు అడగాలి. ఖాళీ లేబుళ్లతో సైజు అడిగి తర్వాత పేరు నింపితే, దాచుకున్నది ఖాళీ విడ్జెట్ సైజే అవుతుంది.

అలా చేసినా మారలేదా? ప్రింట్ చేసిన సైజ్‌హింట్‌లో మైనస్ 1, మైనస్ 1 వచ్చిందేమో చూడండి. లేఅవుట్ లేని సాదా విడ్జెట్ ఇచ్చే జవాబు అదే. పిల్ల విడ్జెట్‌లను మూవ్‌తో, సెట్‌జామెట్రీతో చేత్తో అమర్చినవాళ్లకి ఇది ఎదురవుతుంది. చెల్లని సైజు ఇస్తే డెలిగేట్ దాన్ని పక్కనపెట్టి మళ్లీ తన లెక్కే చూసుకుంటుంది. లేఅవుట్ పెట్టండి, లేదంటే మీ క్లాసులో సైజ్‌హింట్‌ని మీరే రాయండి.

ఇంకో మెలిక. స్టైల్‌షీట్‌లో ఐటమ్‌కి ప్యాడింగ్ (లోపలి అంచుల ఖాళీ) ఇచ్చినా ఎత్తు పెరగడం లేదంటే, సైజ్‌హింట్‌రోల్‌లో విలువ ఉందన్నమాట. అది ఉన్నప్పుడు స్టైల్ లెక్క జరగనే జరగదు. ఆ ప్యాడింగ్‌ని మీరే కలిపి ఇవ్వాలి.

పొడుగు పేర్ల దగ్గర ఎత్తు తప్పుతోంది, కిటికీ వెడల్పు మారిస్తే ఇంకా తప్పుతోంది

వర్డ్‌ర్యాప్ (పట్టని మాటలు కింది లైనుకి వెళ్లే ఏర్పాటు) పెట్టిన లేబుల్‌కి ఎత్తు అనేది వెడల్పు తెలిస్తేనే తేలుతుంది. వెడల్పు తెలియకుండా సైజ్‌హింట్ అడిగితే అది ఒక అంచనా చెబుతుంది. 400 పిక్సెళ్లలో రెండు లైన్లు పట్టే పేరు 250 పిక్సెళ్లలో నాలుగు లైన్లవుతుంది. అంచనాకీ అసలుకీ తేడా అక్కడే.

కాబట్టి వెడల్పు మీరే చెప్పి ఎత్తు అడగండి. లిస్ట్ వ్యూపోర్ట్ (స్క్రోల్‌బార్లు పోగా వరుసలు కనిపించే చోటు) వెడల్పు తీసుకుని, విడ్జెట్ లేఅవుట్‌ని హైట్‌ఫర్‌విడ్త్ అడిగితే సరైన ఎత్తు వస్తుంది. ఐటమ్‌కి ఆ ఎత్తే ఇవ్వండి. వెడల్పు చోట విడ్జెట్ కోరుకున్న పెద్ద అంకె పెట్టకండి, కింద అడ్డంగా స్క్రోల్‌బార్ వచ్చి కూర్చుంటుంది. ఒకే నిలువు వరుసగా ఉండే మామూలు లిస్ట్‌మోడ్‌లో వెడల్పుకి 0 ఇచ్చినా ఐటమ్ వ్యూపోర్ట్ అంతటా పరుచుకుంటుంది.

కిటికీ సాగదీసినప్పుడు ఏం చేయాలి? రీసైజ్‌మోడ్‌ని అడ్జస్ట్‌కి మార్చమని చాలామంది చెబుతారు. మార్చాలి నిజమే, మొదట్లో అది ఫిక్స్‌డ్‌లో ఉంటుంది. కానీ సెట్‌సైజ్‌హింట్‌తో దాచిన అంకె దానివల్ల మారదు. అడ్జస్ట్ వరుసలను మళ్లీ పేరుస్తుందే తప్ప, పాత అంకెలతోనే పేరుస్తుంది. లిస్ట్ రీసైజ్‌ఈవెంట్‌లో ప్రతి ఐటమ్‌కీ మళ్లీ లెక్క కట్టి ఇవ్వాలి. వేల వరుసలుంటే ఇది భారమవుతుంది. అలాంటి చోట సెట్‌ఐటమ్‌విడ్జెట్ వదిలేసి డెలిగేట్ రాయడమే మంచిదని నా అభిప్రాయం. క్యూట్ డాక్యుమెంటేషన్ కూడా ఆ ఫంక్షన్‌ని మారని సమాచారం చూపించడానికే వాడమంటుంది.

డెలిగేట్ రాస్తే, సైజ్‌హింట్‌కి వచ్చే ఆప్షన్‌లోని రెక్ట్‌ని నమ్ముకోకండి. కొన్ని పిలుపుల్లో అది ఖాళీగా వస్తుంది. ఆప్షన్‌లోని విడ్జెట్ ద్వారా వ్యూపోర్ట్ వెడల్పు తీసుకోండి.

నిలువు స్క్రోల్‌బార్ వచ్చినప్పుడు వ్యూపోర్ట్ కొంచెం సన్నబడి, చివరి మాట కింది లైనుకి జారి, ఎత్తు మళ్లీ మారడం కూడా చూశాను. నిలువు స్క్రోల్‌బార్‌ని ఎప్పుడూ ఉండేలా పెట్టేస్తే ఆ ఊగిసలాట పోతుంది.

అన్ని వరుసలూ ఒకే ఎత్తులో ఉన్నాయి

యూనిఫామ్‌ఐటమ్‌సైజెస్ ఆన్ చేసి ఉంటుంది, లేదా గ్రిడ్‌సైజ్ ఇచ్చి ఉంటారు. మొదటిది వేగం కోసం పెట్టిన ఏర్పాటు: ఒక్క ఐటమ్‌ని కొలిచి అదే కొలత అందరికీ వాడుతుంది. ఆ కొలిచేది మొదటి ఐటమ్‌ని కాదు, చివరిదాన్ని. అందుకే చివరికి ఒక చిన్న వరుస చేర్చగానే మొత్తం లిస్ట్ కుంచించుకుపోయినట్టు కనిపిస్తుంది. ఎత్తులు వేరువేరుగా ఉండే లిస్ట్‌లో రెండూ తీసేయండి.

సమాచారం మారింది, ఎత్తు మారలేదు

నొక్కితే విచ్చుకునే వరుసల్లో ఇది మామూలే. మారిన సంగతి లిస్ట్‌కి ఎవరూ చెప్పలేదు. డెలిగేట్ అయితే సైజ్‌హింట్‌చేంజ్‌డ్ సిగ్నల్‌ని ఆ ఇండెక్స్‌తో పంపండి. ఐటమ్‌విడ్జెట్ అయితే సెట్‌సైజ్‌హింట్ మళ్లీ పిలవండి. అప్‌డేట్ పిలిస్తే సరిపోదు, అది రంగులు మళ్లీ వేస్తుంది, కొలతలు మళ్లీ తీయదు.

పెద్ద వరుసలు స్క్రోల్ చేస్తే గెంతుతున్నాయి

ఇది సైజు తప్పు కాదు. వర్టికల్‌స్క్రోల్‌మోడ్‌ని స్క్రోల్‌పర్‌పిక్సెల్‌కి మార్చండి.

ఒత్తులు తెగుతున్నాయి

ఇక అసలు విషయానికొద్దాం. నా డెలిగేట్ పెయింట్‌లో (వరుసని గీసే ఫంక్షన్‌లో) పుస్తకం పేరుకి ఒక లైను, రచయితకి ఒక లైను. ఒక్కో లైను ఎత్తు, ఫాంట్ కొలతలు చెప్పే ఫాంట్‌మెట్రిక్స్‌లోని హైట్ నుంచి తీసుకున్నాను. అంకె గుడ్డిగా రాయలేదు కదా, అన్నిచోట్లా సరిపోతుందని అనుకున్నాను.

సరిపోలేదు. విండోస్‌లో అప్లికేషన్ ఫాంట్ సెగో యూఐ. అందులో తెలుగు అక్షరాలు లేవు. తెలుగు మాట రాగానే క్యూట్ నిశ్శబ్దంగా నిర్మలా యూఐ లాంటి వేరే ఫాంట్‌ని తెచ్చుకుని గీస్తుంది. కానీ ఫాంట్‌మెట్రిక్స్ హైట్ చెప్పేది మనం అడిగిన ఫాంట్ ఎత్తు, అరువు తెచ్చుకున్న ఫాంట్‌ది కాదు. కొలిచింది ఒకదాన్ని, గీసింది ఇంకోదాన్ని. పైగా డ్రాటెక్స్ట్ మనమిచ్చిన రెక్ట్ దాటిన భాగాన్ని కోసేస్తుంది. నా లినక్స్‌లో మొదటి నుంచీ నోటో సాన్స్ తెలుగునే డెస్క్‌టాప్ ఫాంట్‌గా పెట్టుకున్నాను కాబట్టి అక్కడ కొలతా గీతా ఒకటే అయ్యాయి, తప్పు బయటపడలేదు.

మొదట టెక్స్ట్‌డోంట్‌క్లిప్ ఫ్లాగ్ పెట్టి చూశాను. తెగడం ఆగింది కానీ "జ్యోత్స్న"లో కిందికి దిగిన న ఒత్తు రచయిత పేరు మీదకి వచ్చి పడింది. ఎత్తే తక్కువైనప్పుడు కోయకుండా వదిలితే జరిగేది అదే.

పనిచేసిన మందు టెక్స్ట్‌లేఅవుట్. ఫాంటూ టెక్స్టూ ఇచ్చి, వెడల్పు చెప్పి లైన్లు వేయిస్తే, ఒక్కో లైనులో నిజంగా వాడిన ఫాంట్‌లన్నీ చూసి ఎత్తు చెబుతుంది. ఆ లైన్ల ఎత్తులు కూడి, అంచుల ఖాళీ కలిపి సైజ్‌హింట్‌లో ఇచ్చాను. పెయింట్‌లో కూడా అదే టెక్స్ట్‌లేఅవుట్‌తో గీశాను. రెండింటికీ ఒకే ఫంక్షన్ ఉండాలి, ఇది మాత్రం గట్టిగా చెబుతాను. పెయింట్‌లో పేరుని బోల్డ్‌లో గీసి సైజ్‌హింట్‌లో మామూలు ఫాంట్‌తో కొలిచినా, ఒకచోట అంచు 8 పిక్సెళ్లు ఇంకోచోట 4 అనుకున్నా, ఏదో ఒక పేరు దగ్గర లైను జారుతుంది.

ఇంకో దారి ఉంది, చిన్న అప్లికేషన్లకి అదే తేలిక. నోటో సాన్స్ తెలుగు స్వేచ్ఛగా పంచుకోదగ్గ ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌తో వస్తుంది. దాన్ని అప్లికేషన్‌తో పాటే ఇచ్చి, మొదట్లోనే ఫాంట్‌డేటాబేస్‌లో యాడ్‌అప్లికేషన్‌ఫాంట్‌తో చేర్చి, లిస్ట్ ఫాంట్‌గా పెట్టండి. అప్పుడు విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ తెలుగు ఒకే ఫాంట్‌తో కొలుస్తారు, ఒకే ఫాంట్‌తో గీస్తారు. నేను రెండూ చేశాను.

ఎత్తుకి 48 లాంటి స్థిరమైన పిక్సెల్ అంకె మాత్రం వద్దు. వాడేవాళ్లు అక్షరాలు పెద్దవి చేసుకుంటే ఫాంట్ పెరుగుతుంది, 48 పెరగదు. కంటిచూపు తగ్గిన పెద్దవాళ్లే గ్రంథాలయంలో ఆ సెట్టింగ్ ఎక్కువ మార్చుకుంటారు.

పరీక్షకి ఇంగ్లీషు మాటలు పెట్టుకోకండి. నా లిస్ట్‌లో మొదటి నాలుగు వరుసలు ఎప్పుడూ ఇవే: "రాష్ట్రం", "లక్ష్మి", "జ్యోత్స్న", "స్త్రీ". ఐదోది రెండు లైన్లకి పైగా సాగే పేరు, ఆరోది తెలుగూ ఇంగ్లీషూ కలిసిన పేరు. విండోస్‌లో డిస్‌ప్లే స్కేలింగ్‌ని 100, 125, 150 శాతాల్లో పెట్టి ఆ ఆరూ చూస్తాను. "స్త్రీ"లో పైన గుడిదీర్ఘం, కింద ఒత్తులు రెండూ ఉంటాయి కాబట్టి పైఅంచు, కిందిఅంచు ఒకే చూపులో తెలిసిపోతాయి.