మూలుగ శాంపిల్ నుంచి జబ్బు పేరు దాకా

రక్తక్యాన్సర్‌ను ల్యాబులో గుర్తించి పేరు పెట్టే దారి ఇది. రక్తకణాలు లెక్కించే మెషీన్ తెల్లకణాలు ఎక్కువని చూపినా, ప్లేట్‌లెట్లు తక్కువని చూపినా ముందు స్మియర్ (గాజు స్లైడుపై పలచగా పూసిన రక్తం) చూడాలి. ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే రసాయనం) ట్యూబులో రక్తం తీసిన రెండు గంటల్లోపు స్మియర్ వేయడం మంచిది. ఆలస్యమైతే కణాల్లో బుడగలు పడి, కేంద్రకాల ఆకారం చెడి, మామూలు కణం కూడా జబ్బు కణంలా కనిపిస్తుంది. ప్లేట్‌లెట్లు తగ్గినట్టు వస్తే స్మియర్ చివరి అంచున అవి గుంపులు కట్టాయేమో వెతకండి. ఈడీటీఏ వల్లే అలా జరిగితే సిట్రేట్ (అలాంటిదే మరో రసాయనం) ట్యూబులో మళ్లీ తీసి, ఆ ద్రవంతో రక్తం పలచబడుతుంది కాబట్టి వచ్చిన అంకెను 1.1తో గుణించాలి.

మూలుగ పరీక్ష చాలాసార్లు సిరంజి దగ్గరే చెడుతుంది. తుంటి ఎముక వెనుక భాగం నుంచి మొదటిసారి లాగేది అర మిల్లీలీటరు మించకూడదు. అది స్మియర్లకే. ఆశకొద్దీ ఎక్కువ లాగితే రక్తం కలిసి బ్లాస్ట్ (పక్వం కాని తొలి దశ కణం) శాతం పడిపోతుంది. తర్వాత లాగినదాన్ని పంచాలి: ఫ్లో సైటోమెట్రీకి (కణాల పైనా లోపలా ఉన్న ప్రొటీన్లను లేజర్‌తో గుర్తించే పరీక్ష) ఈడీటీఏ లేదా హెపారిన్ (ఇదీ రక్తం గడ్డకట్టనివ్వదు), క్రోమోజోముల పరీక్షకు సోడియం హెపారిన్. ఈ రెండోదానికి కణాలు బతికుండాలి, కల్చర్‌లో విభజన చెందాలి. జన్యు పరీక్షకు మాత్రం ఈడీటీఏనే, ఎందుకంటే హెపారిన్ పీసీఆర్‌ను (డీఎన్ఏ నకళ్లు పెంచే ప్రక్రియను) అడ్డుకుంటుంది.

సూదిలోకి ఏమీ రాకపోయినా (డ్రై ట్యాప్) అదీ ఒక ఆధారమే. ఫైబ్రోసిస్ (మూలుగలో పీచు పేరుకోవడం), హెయిరీ సెల్ ల్యుకేమియా (వెంట్రుకల్లాంటి అంచులున్న కణాల రక్తక్యాన్సర్), కణాలతో కిక్కిరిసిన మూలుగ గుర్తుకు రావాలి. అప్పుడు ఎముక ముక్కను ఫార్మలిన్‌లో వేసేముందే స్లైడుకు మెల్లగా అద్ది ముద్రలు తీయండి. ముక్క కనీసం 2 సెంటీమీటర్లుంటే మేలు. కాల్షియం తీయడానికి ఘాటైన ఆమ్లం వాడితే డీఎన్ఏ పాడవుతుంది. అదే పనికి ఈడీటీఏ నెమ్మది, కానీ నమ్మదగింది.

బ్లాస్ట్‌ల లెక్క మూలుగలో 500 కణాలకు, రక్తంలో 200 కణాలకు చూడాలి. ప్రోమోనోసైట్లనూ (మోనోసైట్లు అనే తెల్లకణాల ముందు దశ) బ్లాస్ట్‌లతో కలిపి లెక్కించాలి. ఫ్లోలో వచ్చిన శాతాన్ని దీని బదులు రాయకండి: రక్తం కలిసిన శాంపిల్ అక్కడికి వెళ్లి ఉండొచ్చు, పైగా బ్లాస్ట్‌లన్నిటిపైనా సీడీ34 (సీడీ అంకెలు కణాలను గుర్తుపట్టే ప్రొటీన్ల పేర్లు) ఉండదు. ఫ్లో పని వంశం, అంటే కణం ఏ రకం రక్తకణాల కోవకు చెందిందో తేల్చడం. ఎంపీఓ అనే ఎంజైమ్ ఉంటే మైలాయిడ్ (లింఫోసైట్లు కాని మూలుగ కణాల) వైపు, కణం లోపల సీడీ3 ఉంటే టీ లింఫోసైట్ల వైపు, సీడీ19తో పాటు సీడీ79ఏ ఉంటే బీ లింఫోసైట్ల వైపు మొగ్గు.

బ్లాస్ట్‌లు 20 శాతమో అంతకంటే ఎక్కువో ఉంటే అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియా (మైలాయిడ్ కణాల్లో వేగంగా ముదిరే రక్తక్యాన్సర్) అన్న పాత కొలమానం ఇప్పుడు ఒంటరిగా చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 వర్గీకరణలో ఎన్‌పీఎం1 జన్యువులో మార్పు వంటిది దొరికితే 20 శాతం అక్కర్లేదు. బీసీఆర్–ఏబీఎల్1 (రెండు జన్యువుల కలయిక) ఉన్నచోట మాత్రం కావాలి. అదే ఏడాది వచ్చిన అంతర్జాతీయ ఏకాభిప్రాయ వర్గీకరణ ఎన్‌పీఎం1కు 10 శాతం అడుగుతుంది. అందుకే రిపోర్టులో ఏ పద్ధతి ప్రకారమో రాయాలి. లేకపోతే ఒకే రోగికి రెండు పేర్లు వస్తాయి.

ఒక్క ప్రోమైలోసైటిక్ ల్యుకేమియా (అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియాలో ఒక రకం) విషయంలో జన్యు ఫలితం కోసం ఆగకూడదు. కట్టలుగా ఆవర్ రాడ్లున్న (లోపల పుల్లల్లాంటివి కనిపించే) కణాలు కనబడి, రక్తం గడ్డకట్టే పరీక్షలు చెడితే వెంటనే డాక్టరుకు ఫోన్ చేయాలి. అట్రా మందు అనుమానం మీదే మొదలుపెడతారు, ఈ జబ్బుకు గుర్తైన జన్యు కలయిక పీఎంఎల్–రారా నిర్ధారణ తర్వాత వస్తుంది.

పరిపక్వ లింఫోసైట్లు (ఒక రకం తెల్లకణాలు) పెరిగితే ఒకే క్లోన్‌కు (ఒకే కణం సంతతికి) చెందిన బీ కణాలు మైక్రోలీటరు రక్తంలో కనీసం 5,000 చొప్పున మూడు నెలలపాటు ఉన్నాయా చూడాలి. సీడీ5, సీడీ23 రెండూ ఉంటే క్రానిక్ లింఫోసైటిక్ ల్యుకేమియా (లింఫోసైట్లలో నెమ్మదిగా ముదిరే క్యాన్సర్) వైపు మొగ్గు. సీడీ5 ఉండి సీడీ23 లేకపోతే మ్యాంటిల్ సెల్ లింఫోమా (లింఫోమా అంటే లింఫ్ గ్రంథుల క్యాన్సర్) కోసం సైక్లిన్ డీ1 అనే ప్రొటీన్ పరీక్ష చేయించండి.

మైలోడిస్‌ప్లేసియా (మూలుగలో రక్తకణాలు సరిగా తయారుకాని జబ్బు) అని రాసేముందు బీ12, ఫోలేట్, రాగి లోపాలను తేల్చుకోండి. మూడూ అచ్చం అలాగే కనిపించగలవు. తెల్లకణాలను పెంచే జీ–సీఎస్ఎఫ్ ఇంజెక్షన్ తీసుకుంటున్నవాళ్లలో బ్లాస్ట్‌లు తాత్కాలికంగా పెరుగుతాయి. లింఫోమా అనుమానముంటే, వీలైనంత వరకు బయాప్సీ కాకముందు స్టెరాయిడ్లు ఇవ్వకూడదు. క్యాన్సర్ కణాలు కరిగిపోయి లింఫ్ గ్రంథిలో పేరు పెట్టడానికి ఏమీ మిగలకపోవచ్చు. అప్పటికే ఇచ్చి ఉంటే తేదీ, డోసు శాంపిల్ ఫారంపై రాసి పంపండి.