వోల్టేజ్ రెగ్యులేటర్ పాఠాలు – 4: ఎనేబుల్ పిన్‌కు ఎంత ఇవ్వొచ్చు?

పోయిన పాఠంలో ఏపీ2112కె అనే రెగ్యులేటర్ చిప్‌కు (వచ్చే వోల్టేజిని దించి 3.3 వోల్టుల దగ్గర నిలిపేది) రెండు వైపులా కెపాసిటర్లు పెట్టాం. ఇక మిగిలిన కాలు ఈఎన్, అంటే ఎనేబుల్. దీని మీద 1.5 వోల్టులు దాటితే చిప్ ఆన్, 0.4 కంటే తగ్గితే ఆఫ్. మధ్యలో ఏం చేస్తుందో నమ్మకం లేదు, అక్కడ ఉంచొద్దు.

ఈ కాలుతో నేనొకసారి దెబ్బతిన్నాను. దేవరకొండ దిక్కు ఒక బత్తాయి తోటలో, బోరు మోటరును ఫోన్‌తో ఆన్ చేసే డబ్బా బిగిస్తున్నాను. 12 వోల్టుల బ్యాటరీని 5కి దించి రెగ్యులేటర్ ఇన్‌పుట్‌కు ఇచ్చాను, అది సరిగ్గానే ఉంది. స్విచ్ వైరు మాత్రం బ్యాటరీ నుంచి నేరుగా ఈఎన్‌కు కలిపేశాను. సిగ్నలే కదా, ఎంతైతే ఏంది అనుకున్నా. స్విచ్ వేసిన కాసేపటికి చిప్ మీద వేలు ఆనలేదు. తోట పెద్దాయన తొంగి చూసి, "మల్ల కాలబెట్టినవా బిడ్డా?" అన్నాడు. ఆ 'మల్ల' ఇప్పటికీ గుర్తుంది.

డేటాషీట్‌లో, అంటే చిప్ తయారుచేసినవాళ్లు ఇచ్చే వివరాల కాగితంలో, రెండు పట్టికలు ఉంటాయి. 'యాబ్సల్యూట్ మ్యాగ్జిమమ్' అనేది చిప్ పాడయ్యే గీత. పని చేయించాల్సింది రెండో పట్టిక లోపలే. ఏపీ2112 ఇన్‌పుట్‌కు గీత 6.5 వోల్టులు, వాడాల్సింది 6 దాకే. ఈఎన్ వరుస విడిగా చూడండి. కొన్ని చిప్‌లలో అక్కడ ఒక అంకె ఉంటుంది, కొన్నింటిలో 'ఇన్‌పుట్ + 0.3' అని ఉంటుంది. ఈ రెండో రకంతోనే చిక్కు: ఇన్‌పుట్ రాకముందే ఈఎన్‌కు వోల్టేజి వస్తే, లోపలి డయోడ్ గుండా కరెంటు దొడ్డిదారిన ఇన్‌పుట్‌లోకి పోతుంది. అందుకే ఏ చిప్ అయినా ఈఎన్‌ను ఇన్‌పుట్ కంటే పైకి పోనివ్వను. ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలంటే, డేటాషీట్ ఒప్పుకుంటే, ఈఎన్‌ను ఇన్‌పుట్‌కే కలిపేస్తే గొడవ లేదు.

మన డబ్బాకు మందు రెండు రెసిస్టర్లు. స్విచ్ నుంచి ఈఎన్‌కు 100 కిలో ఓములు, ఈఎన్ నుంచి గ్రౌండ్‌కు 33 కిలో ఓములు. బ్యాటరీ వోల్టేజిని ఈ రెండూ పంచుకుంటాయి, ఈఎన్‌కు అందేది మొత్తం 133లో 33 వంతులే. బ్యాటరీ దిగి 10.5 ఉన్నా ఈఎన్‌కు 2.6 వోల్టులు అందుతాయి. చార్జింగ్‌లో 14.4 ఉంటే 3.57. రెండూ 1.5 పైన, 5 లోపల. స్విచ్ తీసేస్తే 33 కిలో ఓముల రెసిస్టరే ఈఎన్‌ను సున్నాకు లాగుతుంది, గాల్లో వేలాడనివ్వదు. ఇన్‌పుట్ ఆలస్యమైనా 100 కిలో ఓముల గుండా పోయే కరెంటు 0.15 మిల్లీ ఆంపియర్ దాటదు.

చిప్ బిగించే ముందే, రెసిస్టర్లు మాత్రం టంకం వేసి మీటర్‌తో కొలవండి. చిప్ పోయాక కొలిస్తే ఏం లాభం!

ఇంటి పని: లారీ బ్యాటరీ 24 వోల్టులు, చార్జింగ్‌లో 28.8 అవుతుంది. ఇవే రెసిస్టర్లు పెడితే ఈఎన్‌కు 7 దాటుతుంది. 33 అలాగే ఉంచి, పైది ఎంత పెట్టాలో లెక్క కట్టి ఉంచుకోండి. ఐదో పాఠం అక్కడి నుంచే.