ఒకే మ్యాక్ అడ్రస్ రెండు యంత్రాలకు ఉన్నప్పుడు

హనుమకొండలోని కంప్యూటర్ ల్యాబుల్లో ఒక వర్చువల్ మెషీన్‌ను (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే మరో కంప్యూటర్) సిద్ధం చేసి మిగతా కంప్యూటర్లలోకి కాపీ చేయడం మామూలే. దానితోపాటు మ్యాక్ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో యంత్రాన్ని గుర్తించే సంఖ్య, కూడా కాపీ అయి, నెట్‌వర్క్ బ్రిడ్జ్ పద్ధతిలో (వర్చువల్ మెషీన్ నేరుగా ల్యాబ్ నెట్‌వర్క్‌లో కలిసే పద్ధతి) ఉంటే, రెండింటికీ నెట్ వస్తూ పోతూ ఉంటుంది. చాలామంది వెంటనే కేబుల్ మారుస్తారు, కానీ ముందు చూడవలసింది అడ్రస్‌నే.

అనుమానమున్న ప్రతి యంత్రంలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి గెట్‌మ్యాక్ (getmac) అని కొట్టి, వచ్చిన 12 స్థానాల అడ్రస్‌ను కాగితం మీద రాసుకోవాలి. మొదటి 6 స్థానాలు సాధారణంగా తయారీ సంస్థను సూచిస్తాయి కాబట్టి అవి కలిసినంత మాత్రాన తప్పు లేదు. చివరి 6 కూడా కలిస్తేనే చిక్కు. కంప్యూటర్ల కేబుళ్లను కలిపే స్విచ్ మేనేజ్డ్ రకం (సెట్టింగులు తెరిచి చూడగలిగేది) అయితే వెతుకులాట బాగా తగ్గుతుంది: ఏ అడ్రస్ ఏ పోర్టులో ఉందో చూపే దాని మ్యాక్ టేబుల్‌లో ఒకే అడ్రస్ ఇప్పుడు 3వ పోర్టులో, క్షణం తర్వాత 11వ పోర్టులో కనిపిస్తుంటే, ఆ రెండు పోర్టులనే పరీక్షించాలి. కేబుల్ లూప్ (కేబుల్ తిరిగి అదే నెట్‌వర్క్‌లోకి కలవడం) పడినా ఇలాగే కనిపిస్తుంది, దాన్నీ మరవకూడదు.

అడ్రస్ కలిసింది వర్చువల్ మెషీన్‌లోనైతే దాన్ని ఆపి, దాని నెట్‌వర్క్ సెట్టింగుల్లో కొత్త మ్యాక్ అడ్రస్ తీసుకోవాలి. అసలు కంప్యూటర్‌లోనైతే డివైస్ మేనేజర్‌లో అడాప్టర్ అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌కు వెళ్లి, నెట్‌వర్క్ అడ్రస్ దగ్గర ఎవరైనా పెట్టిన విలువను తీసేసి నాట్ ప్రెజెంట్ ఎంచుకోవాలి. ఆపై పక్క కంప్యూటర్లలో పాత ఏఆర్‌పీ పట్టికను (ఏ ఐపీ అడ్రస్‌కు ఏ మ్యాక్ అడ్రస్సో గుర్తుంచుకునే జాబితా) తుడిచి, రెండు యంత్రాల నుంచీ ఒకేసారి రౌటర్‌కు పింగ్ (జవాబు వస్తుందో లేదో చూసే పరీక్ష) పెట్టి చూడాలి.