వరద తగ్గాక ఇంట్లోకి వెళ్లేముందు: విదేశాల్లో కొత్తగా ఉంటున్నవారికి సూచనలు

మేం ఈ దేశం వచ్చిన మొదటి ఏడాదే మా అద్దె ఇంట్లోకి మోకాళ్ల కిందిదాకా నీళ్లొచ్చాయి. నీళ్లు తీసిన సాయంత్రానికే నేలంతా తుడిచేశాం. కార్పెట్ మీద ఫ్యాన్లు పెట్టాం. రెండు రోజులకు చేత్తో తాకి చూస్తే పొడిగానే ఉంది, హమ్మయ్య అనుకున్నాం. మూడు వారాలు తిరక్కుండానే పడగ్గదిలో ముక్కవాసన మొదలైంది, పాపకు దగ్గు పట్టుకుంది. అల్మరా జరిపి చూస్తే దాని వెనక గోడంతా నల్లగా బూజు. ఆ గోడ లోపల బోలుగా ఉంటుందని అప్పటిదాకా మాకు తెలియదు.

ఇటుక, సిమెంటు గోడల మధ్య పెరిగినవాళ్లం కాబట్టి నీళ్లొస్తే కడిగేసి, తలుపులు బార్లా తీసి ఆరబెడితే చాలనుకుంటాం. చాలా దేశాల్లో ఇళ్లు అలా ఉండవు. చెక్క చట్రానికి రెండు పక్కలా బోర్డులు బిగించి, మధ్యలో చలి రాకుండా దూదిలాంటి ఇన్సులేషన్ నింపుతారు. అది నీళ్లు పీల్చుకుందంటే ఒక పట్టాన వదలదు. లోపలి వైపు వేసే జిప్సం బోర్డు కూడా దీపం వత్తి నూనె పీల్చినట్టు నీటిని పైకి లాక్కుంటుంది. నీళ్లు అడుగెత్తున నిలిస్తే గోడలో తడి అంతకంటే పైదాకా పోతుంది. ఇల్లు పైకి పొడిగా కనిపించినా లోపల తడిగానే ఉండొచ్చు. కింద రాసినవాటిలో సగం ఈ సంగతి చుట్టూ తిరిగేవే.

ముందు ప్రాణం

అధికారులు వెళ్లొచ్చని చెప్పేదాకా ఇంటికి బయల్దేరకండి. దారిలో పారుతున్న నీళ్లుంటే, ఎంత తక్కువగా కనిపించినా దిగొద్దు. 15 సెంటీమీటర్ల ప్రవాహం చాలు పెద్ద మనిషిని పడగొట్టడానికి. 30 సెంటీమీటర్లుంటే చిన్న కారు కొట్టుకుపోగలదు, 60 ఉంటే చాలా వాహనాలు నిలవవు. నీళ్ల కింద రోడ్డు తెగిపోయిందో లేదో పైనుంచి తెలియదు.

అత్యవసర నంబరు ఇంట్లో అందరికీ, పిల్లలకు కూడా, నోటికి వచ్చి ఉండాలి. అమెరికా, కెనడాల్లో 911, బ్రిటన్‌లో 999, యూరప్ దేశాల్లో 112, ఆస్ట్రేలియాలో 000, న్యూజిలాండ్‌లో 111. ఆస్ట్రేలియాలో ప్రాణాపాయం లేకుండా వరద సాయం మాత్రమే కావాలంటే 132 500. కంగారులో ఇంగ్లిష్ రాకపోతే మొహమాటపడకండి, ‘తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి’ అని అడగండి. చాలాచోట్ల ఫోన్లోనే కలుపుతారు.

ఇంటి దగ్గరికి చేరాక నేరుగా తాళం తీయకుండా ఒకసారి చుట్టూ తిరిగి చూడండి. గోడ ఒరిగిందా, పునాది దగ్గర మట్టి కోసుకుపోయిందా, పైకప్పు కుంగిందా, కరెంటు తీగలు తెగి పడ్డాయా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా లోపలికి వెళ్లొద్దు. కుళ్లిన గుడ్ల వాసన వస్తే అది గ్యాస్ లీక్ కావచ్చు. లైటు వేయొద్దు, అగ్గిపుల్ల గీయొద్దు, అక్కడ నిలబడి ఫోన్ కూడా చేయొద్దు. దూరంగా వెళ్లి గ్యాస్ కంపెనీకి గానీ, అత్యవసర నంబరుకు గానీ చెప్పండి.

కరెంటు విషయంలో మాత్రం ధైర్యం చేయకండి. మెయిన్ స్విచ్ దగ్గరికి వెళ్లాలంటే నీళ్లలో నిలబడాల్సి వస్తే దాన్ని ముట్టుకోవద్దు, కరెంటు వాళ్లను గానీ ఎలక్ట్రీషియన్‌ను గానీ పిలవండి. తడిసిన ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, హీటర్ ఆరిపోయినట్టు కనిపించినా పరీక్ష చేయించకుండా ప్లగ్ పెట్టకండి. ఇంటి మీద సోలార్ పలకలుంటే, వీధిలో కరెంటు పోయినా ఎండ ఉన్నంతసేపూ వాటి తీగల్లో కరెంటు ఉంటుంది.

ఎలక్ట్రిక్ కార్లు, స్కూటర్లు కొన్నవారికి ఒక మాట. లిథియం బ్యాటరీ నీళ్లలో, ముఖ్యంగా ఉప్పునీటిలో మునిగితే రోజుల తర్వాత, ఒక్కోసారి వారాల తర్వాత కూడా నిప్పు అంటుకోవచ్చు. 2022లో ఇయన్ తుపాను తర్వాత ఫ్లోరిడాలో ఇలాగే కార్లు కాలిపోయాయి. మునిగిన బండిని స్టార్ట్ చేయొద్దు, చార్జింగ్ పెట్టొద్దు, గరాజ్‌లో ఉంచొద్దు. ఇంటికి కనీసం 15 మీటర్ల దూరాన ఆరుబయట ఉండేలా టోయింగ్ వాళ్లతో తీయించండి.

కరెంటు లేని రోజుల్లో జనరేటర్ అద్దెకు తెచ్చుకుంటారు. వరద అయిపోయాక ప్రాణాలు తీసేవాటిలో ఇదొకటి. దాని పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. గరాజ్‌లో, బేస్‌మెంట్‌లో (ఇంటి కింద నేలలోపల ఉండే గదిలో), కిటికీ పక్కన పెట్టారంటే నిద్రలోనే ప్రాణం పోతుంది. తలుపులకు, కిటికీలకు కనీసం 6 మీటర్ల దూరంలో బయటే పెట్టండి. చలిగా ఉందని బొగ్గుల పొయ్యి లోపలికి తేవద్దు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్టుండడం మొదలైతే వెంటనే బయటికి వచ్చేయండి, అత్యవసర నంబరుకు ఫోన్ చేయండి.

చీపురు పట్టేముందు ఫోన్ కెమెరా తీయండి

లోపలికి వెళ్లగానే శుభ్రం చేయాలని చేతులు లాగుతాయి. ఒక్క గంట ఆగండి. ప్రతి గదినీ వీడియో తీయండి. గోడ మీద నీళ్లు నిలిచిన గీతను దగ్గర నుంచి, పక్కన కొలిచే టేపు పెట్టి ఫొటో తీయండి. టీవీ, ల్యాప్‌టాప్, ఫ్రిజ్ వంటివాటి మోడల్, సీరియల్ నంబర్లు కనిపించేలా తీయండి. పారేయక తప్పని కార్పెట్ నుంచి చిన్న ముక్క కోసి, సంచిలో వేసి దాచండి, ఇన్సూరెన్స్ వాళ్లు అడగొచ్చు. బిల్లులు దొరక్కపోయినా బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆన్‌లైన్ ఆర్డర్ల చరిత్ర, పాత పుట్టినరోజు ఫొటోల వెనకాల కనిపించే సోఫా కూడా సాక్ష్యమే.

అదే రోజు ఇంటి ఓనరుకు తెలియజేయండి. ఫోన్లో మాట్లాడినా సరే, వెంటనే ఈమెయిల్ కూడా పంపండి. ఫొటోలు జతచేసి, నీళ్లు ఎప్పుడొచ్చాయి, ఎంత ఎత్తు నిలిచాయి, ఏమేం తడిశాయి అని రాయండి. మేం నోటిమాటతో వదిలేశాం. గోడ సంగతి బయటపడ్డాక, మీరు ఎప్పుడూ చెప్పలేదే అన్నారు. మా దగ్గర చూపించడానికి ఒక్క ముక్క లేదు.

ఇంకో విషయం చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. ఓనరు ఇన్సూరెన్స్ మామూలుగా కట్టడానికే వర్తిస్తుంది, మీ బట్టలకు, మంచాలకు, కంప్యూటర్లకు కాదు. వాటికి అద్దెకున్నవాళ్లే వేరుగా పాలసీ తీసుకోవాలి. అందులోనూ వరద ఉందో లేదో చదివి చూసుకోవాలి. బ్రిటన్‌లో చాలా ఇంటి పాలసీల్లో వరద ఉంటుంది. అమెరికాలో మామూలు ఇంటి పాలసీ, రెంటర్స్ పాలసీ రెండింటిలోనూ సాధారణంగా ఉండదు, విడిగా కొనాలి. ప్రభుత్వ వరద బీమా పథకంలో అద్దెకున్నవాళ్లు కూడా తమ సామాన్ల వరకు తీసుకోవచ్చు. కానీ సాధారణంగా కొన్న 30 రోజుల తర్వాతే అది అమల్లోకి వస్తుంది. మబ్బు పట్టాక కొంటే పనికిరాదు.

ఇల్లు ఉండటానికి పనికిరాకపోయినా, అద్దె కట్టడం మీ అంతట మీరు ఆపకండి. ఆపే హక్కు ఎప్పుడు ఉంటుందో దేశానికో తీరు, రాష్ట్రానికో తీరు. ఊళ్లో అద్దెదారులకు ఉచితంగా సలహా ఇచ్చే సంస్థను ముందు అడగండి.

నీళ్లు, బురద, బూజు

వరద నీరు అంటే వాన నీరు కాదు. అందులో మురుగు, పెట్రోలు, పురుగుమందులు అన్నీ కలిసి ఉంటాయి. గమ్‌బూట్లు, మందపాటి రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు, బూజు ఉంటే ఎన్95 మాస్కు వేసుకోండి. గుడ్డ మాస్కు బూజు కణాలను ఆపదు. చిన్న గాయమైనా వెంటనే సబ్బునీటితో కడగండి. టెటనస్ ఇంజెక్షన్ మామూలుగా పదేళ్లకోసారి, కానీ మురికి గాయమైతే, వేయించుకుని ఐదేళ్లు దాటితే డాక్టరును అడగండి. తర్వాత రోజుల్లో జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తే వరద నీళ్లలో తిరిగామని డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ మొదట్లో మామూలు జ్వరంలాగే ఉంటుంది. పిల్లలను, గర్భిణులను, ఉబ్బసం ఉన్నవారిని శుభ్రం చేసేచోటికి రానివ్వకండి. ఆ రోజు పాపను మా పక్కనే కూర్చోబెట్టుకున్నామని ఇప్పటికీ బాధపడతాను.

కుళాయి నీళ్లు తాగొచ్చో లేదో స్థానిక అధికారులు ప్రకటిస్తారు. మరిగించి తాగమంటే, నీళ్లు బాగా తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం, 2,000 మీటర్ల కంటే ఎత్తైన ఊళ్లో మూడు నిమిషాలు మరగనివ్వండి. పెట్రోలో, రసాయనాలో కలిశాయంటే మరిగించినా లాభం లేదు, సీసా నీళ్లే తాగాలి. కరెంటు పోయాక, తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్‌లోవి దాదాపు 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్‌లోవి 48 గంటలు నిలుస్తాయి. వరద నీరు తగిలిన తిండి మాత్రం పారేయాల్సిందే. మూత బిగించిన సీసాలైనా అంతే.

బేస్‌మెంట్‌ ఉంటే జాగ్రత్త. నిండా నీళ్లున్నాయని పంపు పెట్టి ఒక్కరోజులో తోడేయకండి. బయట నేల ఇంకా నీటితో బరువుగా ఉంటుంది, లోపలి నీటి ఒత్తిడి పోగానే ఆ బరువుకు గోడ కూలొచ్చు. రోజుకు మూడో వంతు చొప్పున తీయండి, గోడ మీద గీత పెట్టి చూసుకోండి. రాత్రికి నీళ్లు మళ్లీ పెరిగితే నేల ఇంకా సిద్ధంగా లేదన్నమాట.

బూజు 24 నుంచి 48 గంటల్లోనే మొదలవుతుంది కాబట్టి, ఫొటోలు తీశాక పరుపులు, దిండ్లు, కార్పెట్, దాని కింది మెత్త, తడిసిన ఇన్సులేషన్ బయటికి పోవాలి. ఎంత ఖరీదు పెట్టి కొన్నా సరే, మురుగునీళ్లు పీల్చిన పరుపును కడిగి వాడుకోలేం. గోడల్లో తడిసిన బోర్డును నీటి గీతకు కనీసం 30 సెంటీమీటర్ల పైదాకా కోసి తీసేయడం మామూలు పద్ధతి. అద్దె ఇల్లయితే ఇది ఓనరు చేయించాల్సిన పని, మీరు కోయొద్దు. కానీ చేయించమని రాతపూర్వకంగా అడగాలి. పాత ఇళ్ల గోడల్లో ఆస్‌బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులను పాడుచేసే నార), రంగుల్లో సీసం ఉండొచ్చు, అందుకే నిపుణులే ముట్టుకోవాలి.

ఆరబెట్టడానికి ఫ్యాను గాలిని గదిలోకి కాకుండా కిటికీ వైపు, బయటికి పోయేలా తిప్పండి. బయట గాలే చెమ్మగా ఉంటే కిటికీలు మూసి డీహ్యూమిడిఫయర్ (గాలిలో చెమ్మను లాగేసే యంత్రం) పెట్టడం మేలు. ఇల్లంతటికీ గాలి పంపే హీటింగ్, ఏసీ గొట్టాల్లోకి నీళ్లు వెళ్లుంటే వాటిని వేయకండి, బూజును ప్రతి గదిలోకీ ఊదుతాయి. టైల్స్, స్టీలు, గాజు వంటి గట్టివాటిని ముందు సబ్బునీటితో కడిగి తర్వాత బ్లీచ్ నీళ్లతో తుడవండి. బ్లీచ్‌లో అమ్మోనియా గానీ టాయ్‌లెట్ క్లీనర్లలాంటి యాసిడ్‌ గానీ ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు పుడుతుంది. బూజు పట్టిన జిప్సం బోర్డు మీద బ్లీచ్ కొడితే రంగు పోతుందేగానీ లోపల వేళ్లు అలాగే ఉంటాయి.

కాగితాలు

సర్టిఫికెట్లు, పెళ్లి కాగితాలు, ఫొటోలు తడిస్తే ఎండలో పరచి గాభరా పడకండి. ఒక్కరోజులో ఆరబెట్టలేనన్ని ఉంటే, విడివిడిగా సంచుల్లో పెట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. గడ్డకట్టాక బూజు పెరగదు, తర్వాత తీరిగ్గా కొన్ని కొన్ని తీసి ఆరబెట్టుకోవచ్చు. అంటుకున్న ఫొటోలను బలవంతంగా లాగకండి. పాస్‌పోర్టు పాడైతే రాయబార కార్యాలయానికో కాన్సులేట్‌కో దరఖాస్తు పెట్టాలి. అది కొత్తది వచ్చేదాకా ప్రయాణాలు పెట్టుకోకండి. వీసా మీద ఉన్నవాళ్లు ఇల్లు మారితే కొత్త చిరునామా తెలియజేయాల్సి రావొచ్చు, అమెరికాలో దానికి గడువు 10 రోజులు.

సాయం అడిగితే వీసాకు ఏమవుతుందోనన్న టెన్షన్‌తో కొందరు కారులోనే పడుకుంటారు. తల దాచుకోవడానికి చోటు, తిండి, నీళ్లు, వైద్యం వంటి అత్యవసర సాయం ప్రాణం నిలబెట్టడానికి ఇచ్చేది. దాన్ని అడగండి. డబ్బు సాయానికి మాత్రం అర్హతలు వేరుగా ఉంటాయి. దరఖాస్తు మీద సంతకం పెట్టేముందు షరతులు చదవండి, అనుమానం ఉంటే ఇమ్మిగ్రేషన్ లాయరును అడగండి.

వరద తర్వాత ఇంటింటికీ వచ్చి ‘ఇవాళే మొదలుపెడతాం’ అనే రిపేరు మనుషులుంటారు. లైసెన్సు, ఇన్సూరెన్స్ చూపించమనండి. మొత్తం డబ్బు ముందే ఇవ్వకండి. మీ క్లెయిమ్ డబ్బు నేరుగా వాళ్లకు వెళ్లేలా రాసిన కాగితం మీద సంతకం పెట్టకండి.

గోడలు మళ్లీ మూసేరోజు మీరు ఇంట్లో ఉండండి. లోపలి చెక్కకు తేమ మీటరు పెట్టి అంకె చూపించమనండి, తడవని గదిలో గోడ అంకెతో పోల్చమనండి. రెండూ ఇంచుమించు సమానం అయ్యేదాకా కొత్త బోర్డు, రంగు వద్దనండి. వారం ఆలస్యమైనా పరవాలేదు. మా ఇంట్లో తడి గోడ మీదే రంగు వేసి వెళ్లారు, ఆ ఇల్లు ఖాళీ చేశాకే పాప దగ్గు తగ్గింది. ఇప్పుడు అద్దెకు ఏ ఇల్లు చూడ్డానికి వెళ్లినా ఇంతకుముందు ఇక్కడ నీళ్లొచ్చాయా అని అడిగి, జవాబు ఈమెయిల్లో ఇమ్మంటాను, అల్మరా తలుపు తీసి కింది మూలల్లో చేత్తో తడిమి చూస్తాను.