డేటా సెంటర్లో డబ్బులు పెట్టే ముందు ఇవి చూస్కోండి

నేను చెన్నైలో ఉంటా, అంబత్తూరు, సిరుసేరి వైపు ఈ సర్వర్లు పెట్టే బిల్డింగులు లేస్తుంటే మనోళ్ళు "అన్నా, మనం కూడా పెడదామా" అని ఒకటే ఫోన్లు. పెట్టండి, కానీ ముందు ఇవి చూడండి.

- చదరపు అడుగులు చూసి మురిసిపోవద్దు, ఇక్కడ సరుకు కరెంటు. ఎన్ని మెగావాట్లు శాంక్షన్ అయింది, అందులో ఇప్పటికి ఎంత అద్దెకి పోయింది, అదడగండి.

- పీయూఈ ఎంత? మొత్తం కరెంటుని సర్వర్లు తినే కరెంటుతో భాగిస్తే వచ్చేదే అది. 1.5 అంటే సర్వర్లకి ఒక యూనిట్ పోతే ఏసీలకీ మిగతావాటికీ ఇంకో అర యూనిట్ పోతుందన్నమాట, మన ఊరి మే నెల ఎండకి ఇది తగ్గించడం అంత వీజీ కాదు.

- నీళ్ళు. 2019 ఎండాకాలంలో మా వీధిలో బిందెలు పట్టుకుని ట్యాంకర్ కోసం నిలబడ్డాం, కూలింగుకి నీళ్ళు వాడే సెంటరైతే ఎక్కణ్ణుంచి తెస్తారో కాగితం మీద చూపించమనండి.

- 2015 వరదలప్పుడు ఆ స్థలం మునిగిందా? జనరేటర్లు, డీజిల్ ట్యాంకులు ఎంత ఎత్తులో పెట్టారు? వెళ్ళి కళ్ళతో చూడండి, బ్రోచర్లో అన్నీ బాగానే ఉంటాయి.

- అద్దెకున్నది ఒక్క పెద్ద కస్టమరేనా? వాడు ఖాళీ చేస్తే గోవిందా.

- "5 లక్షలకే వాటా" అని వాట్సాప్‌లో వస్తే, సెబీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. చిన్న రీట్లకి (చాలామంది డబ్బు పోగేసి బిల్డింగులు కొని, అద్దె పంచేవి) సెబీ పెట్టిన కనీస పెట్టుబడే 10 లక్షలు.