బొటనవేళ్లకు తగ్గ ఫోను – 3వ పాఠం: అట్టతో నమూనా, రిచీ స్ట్రీట్‌లో పరీక్ష

తెర మీద కాక, విడిగా నొక్కే కీలున్న ఫోనును ఎంచుకోవడం ఈ పాఠాల పని. పోయిన పాఠంలో రెండు కొలతలు తీసుకోమన్నాం: ఫోను పట్టుకున్న భంగిమలో బొటనవేలు సాగదీయకుండా ఎంత దూరం అందుతుందో ఒకటి, చొక్కా జేబు లోపలి వెడల్పు ఒకటి. ఆ రెండంకెలూ దగ్గర పెట్టుకోండి. ఈ పాఠం ముగిసేసరికి మీ కీబోర్డుకు ఎన్ని వరుసలు ఉండాలో, కీలు ఎంత ఎడంగా ఉండాలో, వాటికోసం తెరలో ఎంత వదులుకోగలరో మిల్లీమీటర్లలో తేల్చుకోవాలి. ఫలానా మోడలు అని పేరు పెట్టడం ఆ తర్వాతి పని. పేరుతో మొదలుపెడితే ఫొటో చూసి కొనేయడమే జరుగుతుంది, వేళ్ల సంగతి నెల తర్వాత గుర్తొస్తుంది.

ఎడం లెక్క

ఒక కీ నడుమ నుంచి పక్క కీ నడుమకు ఉన్న దూరాన్నే ఇక్కడ ఎడం అంటున్నాం. పై వరుసలో పది అక్షరాలుంటాయి కనుక ఫోను వెడల్పును పదితో భాగిస్తే ఎడం ఎంతకు మించదో తెలిసిపోతుంది. 2008 నాటి నోకియా ఈ71 వెడల్పు 57 మి.మీ., అంటే ఎడం 5.7 దాటదు. 2011లో వచ్చిన బ్లాక్‌బెర్రీ బోల్డ్ 9900కు 66, అదే బ్రాండులో 2017 నాటి కీవన్‌కు 72.5, 2018 నాటి కీటూకు 71.8. 2014లో వచ్చిన బ్లాక్‌బెర్రీ పాస్‌పోర్ట్ ఏకంగా 90.3 మి.మీ. అంచులు పోను అసలు ఎడం ఇంకాస్త తగ్గుతుంది. బల్లమీది కంప్యూటర్ కీబోర్డులో ఇదే దూరం 19 మి.మీ. అని గుర్తుంచుకుంటే బొటనవేళ్లతో మనం ఎంత ఇరుకులో పని చేయిస్తున్నామో అర్థమవుతుంది.

ఆరు మి.మీ. ఎడంలో వేలి మెత్త రెండు మూడు కీల మీద ఒకేసారి పడుతుంది. అయినా బోల్డ్ మీద తప్పులు తక్కువే. కారణం కీ పైభాగపు చెక్కుడు. ప్రతి కీకీ ఒక పక్క చిన్న గట్టు ఉంటుంది. ఎడమ సగం కీల గట్టు ఒక వైపుకు, కుడి సగం కీల గట్టు దానికి ఎదురు వైపుకు వాలి ఉంటాయి. వేలు ఎంత వెడల్పైనా ముందు తగిలేది ఆ గట్టే, బలమంతా ఆ ఒక్క కీ మీదే పడుతుంది. వరుసల మధ్య లోహపు పట్టీ ఉండటంతో వేలు పై వరుసకో కింది వరుసకో జారదు. ఈ71లో ఇదే పని కీల ఉబ్బు చేస్తుంది. కాబట్టి ఎడం తక్కువైతే చెక్కుడు ఉండి తీరాలి, ఎడం ఎక్కువైతే కీలు చదునుగా ఉన్నా నడుస్తుంది. ఇరుకుగానూ చదునుగానూ ఉన్న కీబోర్డును ఊరికే ఇచ్చినా తీసుకోవద్దన్నది మా మాట.

అట్ట నమూనా

2 మి.మీ. మందం మౌంట్ బోర్డు, మి.మీ. గ్రాఫ్ కాగితం, రబ్బరు స్టాంపులకు వాడే ఇంకు ప్యాడ్, పది రూపాయల నాణేలు, రెండువైపులా అంటే టేపు కావాలి. చెన్నైలో ఉన్నవాళ్లకు ప్యారీస్ ఆండర్సన్ స్ట్రీట్‌లో అట్ట, కాగితం రెండూ దొరుకుతాయి.

అట్టను 151 × 72 మి.మీ. ముక్కలుగా నాలుగు కోయండి. ఇది కీటూ కొలత. మధ్యలోకి వచ్చే రెండు ముక్కల్లో 55 × 136 మి.మీ. కిటికీ కోసి, అడుగు ముక్క మీద అంటించండి. పది రూపాయల నాణెం అడ్డుకొలత 27 మి.మీ., బరువు సుమారు 7.7 గ్రాములు. కిటికీలో అడ్డంగా రెండు, నిలువుగా ఐదు, ఒకదానిపై ఒకటి రెండేసి పడతాయి. కీటూ బరువు 168 గ్రాములు. వంటింటి త్రాసు మీద అట్టతో కలిపి అంత వచ్చేదాకా నాణేలు వేయండి, పదిహేడు దగ్గర ఆగుతుంది. వాటిలో పన్నెండు పై మూడు వరుసల్లోనే ఉండాలి. తెర కీబోర్డుకు పైనుంటుంది కనుక ఈ ఫోన్లు తలబరువుగా ఉంటాయి, టైపు చేసేటప్పుడు వెనక్కి తూగుతాయి, ఆ తూగును ఆపేది చిటికెనవేలు. నాణేలు సమంగా పరిస్తే ఈ అసలు ఇబ్బందే మీకు తెలియకుండా పోతుంది. చివరగా మూత ముక్క అంటించండి.

గ్రాఫ్ కాగితం మీద 6.5 మి.మీ. ఎడంతో ఒక కీబోర్డు, 7 మి.మీ. ఎడంతో ఇంకొకటి గీసి, ఒకదాని తర్వాత ఒకటి నమూనా కింది భాగంలో అంటించండి. బొటనవేళ్లకు ఇంకు తాకించి, ఒక్కో వేలితో చెప్పుకున్న అక్షరం మీద పదిసార్లు వేయండి. మరక మూడు కీల మీద పరుచుకున్నా కంగారు పడొద్దు, అందులో బాగా నల్లగా ఉన్న చోటు చూడండి. ఆ నలుపులన్నీ ఒకే వైపుకు, ఉదాహరణకు కిందికి, తప్పుతుంటే లోపం పట్టులో ఉంది, ఎడంలో కాదు. కిందికి తప్పుతుంటే ఫోనును అరచేతిలో కాస్త కిందికి జరిపి మళ్లీ వేయండి. నలుపులు చెల్లాచెదురుగా పడుతుంటేనే ఎడం చాలలేదని అర్థం. 7లోనూ చెదిరితే 90 మి.మీ. వెడల్పుతో రెండో నమూనా చేయక తప్పదు. దాన్ని జేబులో పెట్టి చూడండి, చాలామంది నిర్ణయం అక్కడే మారుతుంది.

గట్టు కూడా తెలియాలంటే బ్లౌజుల మీద పెయింటింగుకు వాడే త్రీడీ అవుట్‌లైనర్‌తో ప్రతి కీ మీద చిన్న గీత వేసి రాత్రంతా ఆరనివ్వండి. కళ్లు మూసుకుని తడిమితే తేడా తెలుస్తుంది.

వరుసలు, తెర

అక్షరాల వరుసలు మూడు, స్పేస్ వరుస ఒకటి: ఒక్కోటి 7 మి.మీ. అనుకుంటే 28. కీవన్, కీటూ రెండింటి తెర 4.5 అంగుళాలు, 3:2 నిష్పత్తి. లెక్క కడితే నిలువు 95 మి.మీ. వస్తుంది. 151లో మిగిలిన 56లోనే కీబోర్డు, పై అంచు, కెమెరా, స్పీకరు సర్దుకోవాలి. పాస్‌పోర్ట్ తెర కూడా 4.5 అంగుళాలే గానీ చతురస్రం, పక్క 81 మి.మీ. నిలువు వీడియో దాని మీద 45 మి.మీ. వెడల్పుకు కుంచించుకుపోతుంది, 3:2 తెర మీద 53 వస్తుంది. రీల్స్ ఎక్కువగా చూసేవాళ్లకు చతురస్రం పనికిరాదు. మెయిళ్లు, పట్టికలు చదివేవాళ్లకు దాన్ని మించింది లేదు.

తెలుగు టైపు చేసేవాళ్లకు

ఇంగ్లిష్ సమీక్షల్లో కనిపించని భాగమిది. ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషలకు ప్రమాణంగా పెట్టిన కీల అమరిక) అలవాటున్నవాళ్లు ముందే తెలుసుకోవాలి: ఆ అమరికలో డ, చ, ట, య అనేవి ఇంగ్లిష్ అక్షరాల కీల మీద లేవు. చదరపు బ్రాకెట్టు, సెమికోలన్, కొటేషన్, ఏటవాలు గీత కీల మీద ఉన్నాయి. ఇరవయ్యారు అక్షరాల ఫోను కీబోర్డులో ఆ నాలుగు కీలు విడిగా ఉండవు. చెట్టు, డబ్బా, యాత్ర రాయలేని కీబోర్డుతో ఏం చేస్తాం? ఇన్‌స్క్రిప్టే కావాలంటే పక్కకు తెరుచుకునే ఐదు వరుసల స్లైడర్ల వైపు చూడాలి, అక్కడా ఈ నాలుగూ ఉన్నాయో లేదో ఒక్కొక్కటిగా సరిచూసుకోవాలి.

మిగిలినవాళ్లకు లిప్యంతరీకరణే, అంటే ఇంగ్లిష్ అక్షరాలు నొక్కి తెలుగు రాయడమే దారి. అందులో చిన్న టీ నొక్కితే త, పెద్ద టీ నొక్కితే ట. డీ, ఎన్, ఎల్ కూడా అంతే. ‘మాట్లాడుకుందాం, ఎనిమిదింటికి రా’ అన్న చిన్న వాక్యానికే షిఫ్టు కనీసం మూడుసార్లు కావాలి. అందుకే తెలుగువాళ్లకు షిఫ్టు ఎక్కడుందన్నది స్పేసు ఎక్కడుందన్నంత ముఖ్యం. కీవన్‌లో రెండు చివర్లా షిఫ్టు ఉంది. కీటూలో కుడి షిఫ్టు తీసి, యాప్‌లు తెరిచే స్పీడ్ కీ పెట్టారు. కీలు పెద్దవయ్యాయని అందరూ మెచ్చుకున్న ఫోనులో మనకు జరిగిన నష్టం ఇది. పాస్‌పోర్ట్‌లో కీబోర్డు మీద షిఫ్టే లేదు, తెర మీద వస్తుంది. అక్షరాన్ని నొక్కి పట్టుకుంటే పెద్దది పడే సదుపాయం బ్లాక్‌బెర్రీల్లో ఉంది గానీ, దానితో వేగం పోతుంది. నమూనా మీద పై వాక్యాన్ని ఎడమ షిఫ్టుతో ఒకసారి, రెండు షిఫ్టులతో ఒకసారి వేసి చూసుకోండి.

దుకాణంలో

ఇప్పుడు చెన్నై అన్నాసాలై పక్కన ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌కు వెళ్లొచ్చు. పాత ఫోను చేతికిచ్చి డిస్‌ప్లే ఒరిజినల్ అని మొదలుపెడతారు. మీరు కీబోర్డు మీదే ఉండండి. నోట్స్ తెరిచి ప్రతి అక్షరాన్నీ పదేసిసార్లు నొక్కి లెక్కపెట్టండి. పదకొండో పన్నెండో పడితే కీ కింది లోహపు డోము (నొక్కగానే టిక్కుమనే చిన్న ఉబ్బు రేకు), దాని కాంటాక్టు చెడ్డాయన్నమాట. చెన్నై ఉప్పుగాలికి, చెమటకు ఇది మామూలే. తొమ్మిదే పడితే దుమ్మో, ఎప్పుడో ఒలికిన టీ జిగురో కావచ్చు. జిగురైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పోతుంది. తుప్పైతే పోదు, కీబోర్డు భాగం మొత్తం మార్చాల్సిందే. ప్రతి కీని నాలుగు మూలల్లోనూ నొక్కండి. ఒక మూల టిక్కుమని, ఇంకో మూల మెత్తగా దిగబడితే డోము అలిసిపోయింది. స్పేసు, షిఫ్టు, ఎంటర్, చెరిపే కీ ముందు పోతాయి కనుక వాటితోనే మొదలుపెట్టండి.

కీవన్, కీటూ, పాస్‌పోర్ట్‌లలో కీల మీద వేలు జరిపితే పేజీ కదలాలి. కీటూ ఎల్‌ఈలో ఆ సదుపాయం లేదు, పేరులో రెండక్షరాలు తేడా అని పొరబడొద్దు. తడి వేలితో కూడా జరిపి చూడండి. కర్సరు గంతులేస్తుంటే సెట్టింగుల్లో ఆ స్పర్శను ఆపుకోవచ్చు, బేరానికీ పనికొస్తుంది.

ఎంత నచ్చినా ఇప్పుడే డబ్బు కట్టొద్దు. పాస్‌పోర్ట్ నడిచే బీబీ10కు (బ్లాక్‌బెర్రీ సొంత ఆపరేటింగ్ సిస్టమ్) కంపెనీ సేవలు 2022 జనవరి 4న ఆగిపోయాయి. కీటూ ఆండ్రాయిడ్ 8.1 దగ్గరే నిలిచిపోయింది. వీటిలో మీ బ్యాంకు యాప్ నడుస్తుందా, మీ సిమ్‌తో వోల్టీ (4జీ మీద వెళ్లే) కాల్ వెళ్తుందా అన్నది 4వ పాఠం. అందాకా ఇంకు మరకల కాగితాలు రెండూ, దుకాణంలో తప్పిన కీల జాబితా, ఫోను వెనకున్న మోడల్ నంబరు రాసి ఉంచండి.