ఇంజిన్ కుంటుతోందా? పట్టాలు తుడిచే ముందు చక్రం మీద చుక్క పెట్టండి

1:64 స్కేలు మోడల్ రైళ్లలో, 12 మి.మీ. పట్టాల మీద నేరో గేజ్ (సన్న పట్టాల లైను) నడిపేవాళ్ల కోసం ఇది. మనం చాలా కొద్దిమందిమి. కానీ లెక్క చూస్తే మన రెండున్నర అడుగుల లైన్లకు ఇంతకంటే నప్పే జోడీ దొరకదు. రెండున్నర అడుగులంటే 762 మి.మీ., దాన్ని 64తో భాగిస్తే 11.9 వస్తుంది. 12 మి.మీ. పట్టాలు వేరే మోడల్ స్కేళ్లయిన హెచ్‌ఓ (మీటర్ గేజ్), టీటీ వాళ్లకు తయారవుతూనే ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా నౌపడా నుంచి బయల్దేరే గుణుపూర్ బండిని చేయాలనుకుంటే ఈ దారే మేలు. 1900లో పర్లాకిమిడి లైట్ రైల్వేగా మొదలై, 1931లో గుణుపూర్ చేరి, బ్రాడ్ గేజ్‌గా మార్చడానికి 2004లో ఆగిపోయిన లైను అది. దాని ఇంజిన్లేవీ ఈ స్కేలులో డబ్బాలో పెట్టి ఎవరూ అమ్మరు. బాడీ మనమే చేసుకోవాలి, కింది మెకానిజం వేరే స్కేలు ఇంజిన్‌లోంచి తీసుకోవాలి. 2022లో మోడల్ రైళ్ల కంపెనీ హార్న్‌బీ 1:120 టీటీ మొదలుపెట్టాక 12 మి.మీ. మెకానిజాలు దొరకడం కొంత తేలికైంది. అయినా మనలో చాలామంది బాడీల కింద ఉన్నది ఎప్పుడో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పాత సరుకే. అది మొరాయిస్తే ఏం చూడాలో చెబుతాను. పట్టాలు తుడవడం, సోల్డరింగ్, మీటరు చూడటం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

ముందు ఈ ఒక్క పరీక్ష

సాయం అడిగేవాళ్లు చెప్పే వరస దాదాపు ఒక్కటే. ఇంజిన్ కుదుపుతూ పోతోంది. పట్టాలు తుడిచారు, చక్రాలు తుడిచారు, డీకోడర్ (కంట్రోలర్ ఆజ్ఞలను మోటారుకు అందించే చిప్పు) మార్చారు, ఆఖరికి మోటారూ మార్చారు. కుదుపు పోలేదు. "ఎంత దూరానికోసారి కుదుపుతోంది?" అని అడిగితే జవాబుండదు. పైసా ఖర్చు లేని ఈ సంగతి తేల్చుకోకుండా మోటారు దాకా వెళ్లిపోతుంటే చూడటం నాకు కష్టంగా ఉంటుంది.

ఒక చక్రం అంచున తెల్ల రంగుతో చిన్న చుక్క పెట్టండి. మీటరు పొడవు తిన్నని పట్టా మీద ఇంజిన్‌ని, ఆగిపోకుండా ఎంత నెమ్మదిగా పోగలిగితే అంత నెమ్మదిగా పోనివ్వండి. కుదిపిన ప్రతిచోటా పట్టా పక్కన పెన్సిల్‌తో గీత పెట్టండి. ఇప్పుడు ఇంజిన్‌ని ఎత్తి మరోచోట దించి మళ్లీ నడపండి. రెండోసారి కూడా అవే గీతల దగ్గర కుదిపితే తప్పు పట్టాది. అతుకు వదులైందో, పాయింటు (బండిని ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లించే పట్టా) మధ్యలో పట్టాలు ఒకదాన్నొకటి దాటే ఫ్రాగ్‌కి కరెంటు అందడం లేదో చూసుకోండి. మన ఇంజిన్లలో చక్రాల మధ్య దూరం తక్కువ. ప్లాస్టిక్ ఫ్రాగ్ మీదికి రాగానే ఒక్కోసారి కరెంటు పూర్తిగా తప్పిపోతుంది. ఫ్రాగ్‌కి కరెంటిచ్చే పాయింట్లు వేసుకోవడమే దానికి మందు.

గీతలు ఇంజిన్‌తోపాటు జరిగితే తప్పు ఇంజిన్‌లోనే ఉంది. అప్పుడు గీతల మధ్య దూరం కొలవండి. 10 మి.మీ. చక్రమైతే చుట్టుకొలత 31.4 మి.మీ. గీతలు దాదాపు 31 మి.మీ.కి ఒకటి పడుతూ, ప్రతిసారీ చుక్క ఒకేచోట ఉంటే తప్పు ఇరుసు మీదో, దాని గేరులోనో, చక్రంలోనో ఉన్నట్టు. ఇరుసు గేరుకి 14 పళ్లు, దానికి పైనున్న మధ్య గేరుకి 20 పళ్లు ఉన్నాయనుకోండి. మధ్య గేరు ఒక చుట్టు తిరిగేలోపు బండి 45 మి.మీ. పోతుంది. గీతలు 45 మి.మీ.కి ఒకటి పడితే ఇరుసును వదిలేసి ఆ గేరు చూడండి. రెండు మి.మీ. చిల్లరకోసారి, కుదుపులా కాక జలదరింపులా అనిపిస్తే వర్మ్‌నో (మోటారు కడ్డీ మీది మరలాంటి గేరు) మోటారునో చూడాలి. అసలు వరసే లేకుండా ఎక్కడపడితే అక్కడ ఆగుతుంటే అది మురికి. అలాంటప్పుడే తుడిచే గుడ్డ తీయాలి.

పాయింట్ల మీద మాత్రమే పట్టా తప్పుతోంది

రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం, అంటే బ్యాక్ టు బ్యాక్ కొలవండి. అన్నిటికంటే ముందు చూడాల్సింది, అందరూ ఆఖర్న చూసేది ఇదే. 12 మి.మీ. దగ్గర దీనికి మరింత జాగ్రత్త కావాలి. హెచ్‌ఓ మీటర్ గేజ్ పట్టా, టీటీ పట్టా, ఇంకెక్కడిదో మెకానిజం కలిపి వాడుతున్నాం కాబట్టి, ఎక్కడో చదివిన అంకె గుర్తుపెట్టుకుని దానికి సరిచేస్తే కుదరదు. మీ పాయింటునే కొలవండి. చెక్‌రైలు (ఫ్రాగ్‌కి ఎదుటి పట్టా లోపలి పక్కన ఉండే కాపు రైలు) పని ముఖానికీ, ఫ్రాగ్ పక్కనున్న వింగ్‌రైలు పని ముఖానికీ మధ్య దూరాన్ని కాలిపర్‌తో చూడండి. బ్యాక్ టు బ్యాక్ ఆ కొలతకంటే కాస్త ఎక్కువ ఉండాలి. తక్కువైతే చక్రం ఆ రెండిటి మీదకీ ఎక్కి తప్పుతుంది. మరీ ఎక్కువైతే ఎదుటి చక్రం ఫ్రాగ్ ముక్కును గుద్దుతుంది. టీటీ కోసం వేసిన సన్నని రైలు మీద పాత లోతు ఫ్లాంజులు (చక్రాన్ని పట్టా మీద నిలిపే అంచులు) మేకుల తలలకు తగిలి టకటకమంటాయి. ఆ చప్పుడు తిన్నని దారిలోనూ వస్తుంది కాబట్టి వెంటనే తెలిసిపోతుంది.

చాలామంది విషయంలో కథ ఇక్కడితో అయిపోతుంది. సరిచేసిన కొన్నాళ్లకే అదే ఇరుసు మళ్లీ కొలత తప్పిందంటే మాత్రం దాన్ని పదేపదే సర్దుతూ కూర్చోకండి. కిందున్నది చదవండి.

పైకి కనబడకుండా ఏడిపించేది: పగిలిన ఇరుసు గేరు

చిన్న మెకానిజాల్లో చాలావాటికి ఇరుసు ఒకే కడ్డీగా ఉండదు. రెండు సగం ఇరుసులుంటాయి. మధ్యనున్న ప్లాస్టిక్ గేరు గొట్టంలోకి అటొకటి ఇటొకటి నొక్కి బిగిస్తారు. ఆ గేరు మూడు పనులు చేస్తుంది. చక్రాలను తిప్పుతుంది, రెండు వైపుల కరెంటు కలవకుండా అడ్డుపడుతుంది, చక్రాల మధ్య దూరాన్ని పట్టి ఉంచుతుంది. పట్టు కోసం గేరు రంధ్రాన్ని ఇరుసుకంటే కొంచెం చిన్నగా పెడతారు. కొలత చాలని గాజును చేతికెక్కించినట్టు, ఆ ప్లాస్టిక్ పగలూ రాత్రీ సాగి బిగుసుకునే ఉంటుంది. బండి నడిచినా అంతే, డబ్బాలో పడున్నా అంతే. కొన్నేళ్లకు ఎక్కడ పలచగా ఉందో అక్కడ, అంటే రెండు పళ్ల మధ్య లోయలో చీలుతుంది. అందుకే ఒక్కసారీ నడపని పాత స్టాకు ఇంజిన్‌లో కూడా గేరు పగిలి ఉండొచ్చు. ఇది ఏదో ఒక్క కంపెనీ జబ్బు అనుకోవద్దు. ఈ పద్ధతిలో బిగించిన గేరు ఎవరిదైనా ఇలా పోవచ్చు.

ఇది దొరక్కపోవడానికి కారణం, లక్షణాలు రెండు వేర్వేరు జబ్బుల్లా కనబడటమే. చీలిన చోట రెండు పళ్ల మధ్య ఎడం వెంట్రుక మందం పెరుగుతుంది. ఎదుటి గేరు పన్ను అక్కడికొచ్చినప్పుడల్లా సరిగ్గా కూర్చోక ఎక్కి దిగుతుంది. చుట్టుకోసారి టక్కుమంటుంది, 31 మి.మీ.కి ఒక గీత పడుతుంది. రెండోది, గొట్టం పట్టు వదులవుతుంది కాబట్టి సగం ఇరుసులు మెల్లగా బయటికో లోపలికో జరుగుతాయి. బ్యాక్ టు బ్యాక్ మారిపోయి పాయింట్ల మీద బండి తప్పుతుంది. ఒకతను కుదుపు అంటాడు, ఇంకొకతను పట్టా తప్పడం అంటాడు. ఇద్దరిదీ ఒకే గేరు. జడ్‌బీ, జడ్‌ఈ లాంటి నేరో గేజ్ స్టీమ్ ఇంజిన్ అయితే మూడోది కూడా తోడవుతుంది. కుడి ఎడమ క్రాంకుల (చక్రాల మీద రాడ్లు తగిలించే పిన్నుల) మధ్య ఉండాల్సిన 90 డిగ్రీలు తప్పి, చక్రాలను కలిపే రాడ్లు బిగుసుకుంటాయి. రాడ్లు వంకరయ్యాయనుకుని వాటి రంధ్రాలను పెద్దవి చేసినవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ముందు రాడ్లు విప్పి నడిపి చూడండి. అప్పుడూ చుట్టుకోసారి టక్కుమంటే తప్పు రాడ్లది కాదు.

చూడటం ఎలాగంటే, అడుగు ప్లేటు విప్పి ఇరుసును బయటికి తీయండి. గ్రీజు చీలికలో నిండి దాన్ని కప్పేస్తుంది. అందుకని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరనివ్వండి. రెండు చక్రాలనూ చెరో చేత్తో పట్టుకుని, ఒకదాన్ని ముందుకూ ఒకదాన్ని వెనక్కీ మెలిపెట్టండి. బాగున్న ఇరుసు కొంచెం కూడా కదలదు. ఏ మాత్రం జారినట్టనిపించినా గేరు పోయినట్టే. జారకపోయినా నమ్మేయొద్దు. భూతద్దం కింద ప్రతి పంటి లోయనూ వరసగా చూసుకుంటూ పోండి. మిగతా లోయలన్నీ ఒకేలా ఉండి ఒక్కటి మాత్రం కొంచెం వెడల్పుగా, అడుగున సన్నని గీతతో కనబడుతుంది. తెల్ల గేరైతే పలచటి నల్ల రంగు ఒక చుక్క వేసి వెంటనే తుడవండి. చీలిక ఉంటే వెంట్రుకలా నల్లగీత మిగిలిపోతుంది. గేరుకి రెండు పక్కలా ఉండే గొట్టం అంచులు కూడా చూడండి. పళ్లు బాగుండి గొట్టం మాత్రమే చీలిన ఇరుసు కుదపదు, కొలత మాత్రం తప్పుతూనే ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. పళ్ల మధ్య ఇరుక్కున్న బాలాస్ట్ (పట్టాల కింద పోసే కంకర) గింజ కూడా అచ్చం ఇలాగే చుట్టుకోసారి టక్కుమనిపిస్తుంది. గేరు పగిలిందని తేల్చేముందు టూత్‌పిక్‌తో ప్రతి లోయనూ గీకి చూడండి.

గేరు మార్చడం

జిగురు పెట్టొద్దు. ఈ గేర్లు ఎక్కువగా అసిటాల్‌తోనో నైలాన్‌తోనో చేస్తారు. అసిటాల్‌కు ఫెవిక్విక్ లాంటి జిగురు నిలబడదు. నిలబడిందనుకున్నా పళ్ల ఎడం అలాగే ఉంటుంది కాబట్టి కుదుపు పోదు. పైగా జిగురు బేరింగులోకి పాకితే మెకానిజమే పోతుంది.

మన స్కేలుకు రెడీమేడ్ స్పేరు లేదు గనక గేరును కొలిచి వెతుక్కోవాలి. పళ్లు లెక్కపెట్టండి. బయటి వ్యాసాన్ని, పళ్ల సంఖ్యకు రెండు కలిపి దానితో భాగించండి, మాడ్యూల్ (పళ్ల సైజు చెప్పే అంకె) వస్తుంది. 14 పళ్లకు 6.4 మి.మీ. ఉంటే 0.4 మాడ్యూల్. ఇక్కడే చాలామంది పొరబడతారు. పగిలిన గేరు ఇరుసు మీదుండగా విచ్చుకుని ఉంటుంది, కొలత ఎక్కువ చూపిస్తుంది. సగం ఇరుసులు తీసేశాక కొలవండి, లేదా పక్కనున్న పగలని గేరును కొలవండి. పళ్ల వెడల్పు, గొట్టం పొడవు, ఇరుసు వ్యాసం కూడా రాసుకోండి.

ఇత్తడి గేరు దొరికిందని సంబరపడి వేసేయకండి. సగం ఇరుసుల మెకానిజంలో ఇత్తడి గేరు రెండు పట్టాలనూ నేరుగా కలిపేస్తుంది. పట్టా మీద పెట్టగానే షార్ట్. ఇత్తడే కావాలంటే ఇరుసు ఒకే కడ్డీగా ఉండి, ఒక చక్రమైనా ఇన్సులేట్ అయి ఉండాలి.

కొత్త ప్లాస్టిక్ గేరును పాత బిగుతుతో ఎక్కిస్తే కొన్నేళ్లకు మళ్లీ ఇదే తంతు. ఇరుసు మీద గరుకు గీతలుంటే వాటి పదును సన్నని ఎమరీ పేపరుతో తీసేయండి, పూర్తిగా నున్నగా చేయొద్దు. రంధ్రాన్ని రీమర్‌తో కొద్దికొద్దిగా పెంచండి. వేళ్లతో నెడితే పోకూడదు, వైస్‌లో మెల్లగా బిగిస్తే పోవాలి. సుత్తితో కొట్టడం వద్దే వద్దు. రెండు సగాలూ గొట్టం మధ్యలో ఒకదానికొకటి తగలకుండా చూసి, మీటరుతో చక్రం నుంచి చక్రానికి కొలవండి. కంటిన్యుటీ రాకూడదు. బ్యాక్ టు బ్యాక్ మళ్లీ మీ పాయింటుకు సరిచేయండి. స్టీమ్ ఇంజిన్ అయితే క్రాంకుల 90 డిగ్రీలు అన్ని ఇరుసులకూ ఒకేలా ఉండాలి. అది సరిచూసుకున్నాకే రాడ్లు ఎక్కించండి.

ఒక గేరు పగిలితే ఆ ఇంజిన్‌లో మిగతా ఇరుసు గేర్లూ మార్చేయండి. అన్నీ ఒకే అచ్చులోంచి వచ్చి, ఒకే బిగుతుతో, అన్నేళ్లూ గడిపినవే. నాలుగింట్లో ఒకటి మార్చి బాడీ బిగించేసినవాళ్లు మళ్లీ అదే బాడీ విప్పాల్సి వస్తుంది. మనం చేసుకున్న బాడీలు అన్నిసార్లు విప్పడానికి ఓర్చుకోవు.

మిగతావి

రబ్బరు టైరున్న చక్రమైతే అది ఉబ్బినా, గాడిలోంచి కొంచెం లేచినా చుట్టుకోసారి బండి పైకెగురుతుంది. అది కంటికే కనబడుతుంది, టైరు మార్చండి. చక్రం ఊగుతుంటే ఇరుసు వంగింది, దాన్ని తిన్నగా చేయబోవద్దు, మార్చేయండి. బాడీ బరువంతా ఒక బోగీ (ఇంజిన్ కింద ఒక చక్రాల జట్టు) మీదే పడితే రెండో బోగీ ఊరికే జారుతుంది. బరువును మధ్యకు తెచ్చుకోండి. మోటారు అయస్కాంతం బలం తగ్గడం, డీకోడర్ కాలిపోవడం లాంటివి లేవని కాదు, కానీ అవి గీతలు వరసగా పడేలా కుదపవు.

గేరు మార్చాక పళ్లకు ప్లాస్టిక్‌కి పడే గ్రీజు చుక్కంత పెట్టండి, ఎక్కువొద్దు. అటు అరగంట, ఇటు అరగంట బరువు లేకుండా నెమ్మదిగా తిప్పండి. తర్వాత ఆ మీటరు పట్టా మీదికే తెచ్చి, పెన్సిల్ పట్టుకుని మళ్లీ నడపండి.